గోండియాకు మార్కు, కోంటాకు సున్నా
(రాయపూర్ తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం)



మాస్టారి పేరిట మాట్లాడే అవకాశం రావడం నాకు గౌరవం. ఆయన పాండిత్యం గురించి ఆహ్వానపత్రంలో వివరంగానే రాశారు. నేను చేర్చగలిగింది తక్కువ. మా పరిచయమంతా విజయనగరం బండి వేళల మీద తగవులతోనే గడిచింది. నా దగ్గర తీసుకెళ్లిన గణాంకశాస్త్ర గ్రంథం ఆయన తిరిగివ్వలేదు. వారి అబ్బాయిగారు వేదిక మీదే ఉన్నారు కనుక ఆ ప్రస్తావన ఇక్కడితో ఆపుతాను.

విశ్వవిద్యాలయాల ర్యాంకుల మీద మాట్లాడమన్నారు. తెలిసిన సంగతులు త్వరగా దాటేద్దాం. 2003లో షాంఘై జాబితా, మరుసటి ఏడు లండన్ జాబితా వచ్చాయి. మన కేంద్ర ప్రభుత్వం 2015లో ఎన్‌ఐఆర్‌ఎఫ్ అనే ర్యాంకుల వ్యవస్థను ప్రారంభించి, 2016 ఏప్రిల్‌లో తొలి ర్యాంకులు ప్రకటించింది. విశ్వవిద్యాలయాలకైతే బోధన, వనరులకు 30, పరిశోధనకు 30, పట్టభద్రుల ఫలితాలకు 20, అందరికీ చోటివ్వడానికి 10, పేరుప్రతిష్ఠలకు 10 మార్కులు. అంకెలు సంస్థలే పంపుకుంటాయనీ, పేరున్నవారికే మళ్లీ పేరొస్తుందనీ మీరంతా వినే ఉంటారు. నిజమే. దాని మీద నేను కాలయాపన చేయను.

అసలు కొలతే వద్దనేవాణ్ని కాను. రాయపూర్‌లో నిలబడి ఆ మాట అనడం కష్టం. 2002 నాటి చట్టం కింద ఈ రాష్ట్రంలో నూటికి పైగా ప్రైవేటు విశ్వవిద్యాలయాలు గెజిట్ కాగితం మీద పుట్టాయి. చాలావాటికి సొంత భవనం కూడా ఉండేది కాదు. ప్రొఫెసర్ యశ్‌పాల్ సుప్రీంకోర్టుకు వెళితే, 2005 ఫిబ్రవరిలో ఆ చట్టంలోని కీలకమైన సెక్షన్లను కోర్టు కొట్టేసింది. కాబట్టి కొలబద్ద ఉండాలి. నా పేచీ దాని మీది ఒకే ఒక్క గీతతో. ఈ పేచీ నాకు చాలా పాతది.

ఆ గీత పేరు ప్రాంతీయ వైవిధ్యం. అందరికీ చోటివ్వడం అనే అంశాన్ని నూరు మార్కులుగా విడగొడితే అందులో 30 దీనివే. ఇతర రాష్ట్రాల విద్యార్థుల నిష్పత్తికి 25, విదేశీ విద్యార్థుల నిష్పత్తికి 5. ఆర్థికంగా, సామాజికంగా వెనుకబడిన విద్యార్థులకు మాత్రం 20.

దీని ఫలితం ఇక్కడే చూడండి. మహారాష్ట్రలోని గోండియా నుంచి రైల్లో కొన్ని గంటల్లో వచ్చి రవిశంకర్ శుక్ల విశ్వవిద్యాలయంలో చేరే కుర్రవాడు వైవిధ్యం కింద లెక్కకొస్తాడు. ఇదే రాష్ట్రంలో శబరి ఒడ్డున ఉన్న కోంటా నుంచి, అంతకు రెండింతలు మించిన దూరం దాటి వచ్చే అమ్మాయి రాదు. ఆమె ఇంట్లో దోర్లీ మాట్లాడి, తరగతిలో హిందీలో చదువుకున్నా సరే. ఇంకో చిత్రం. 2000 అక్టోబరు 31న జబల్పూర్ విద్యార్థి ఇక్కడ స్వరాష్ట్రంవాడు. మర్నాడు ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. ఈ సూత్రం అప్పుడే ఉండి ఉంటే, అదే బెంచీ మీద కూర్చున్న అదే విద్యార్థి రాత్రికి రాత్రి వైవిధ్యమై ఉండేవాడు.

ఇక తెలుగు నేలకు వద్దాం. 32వ రాజ్యాంగ సవరణ 371డి అధికరణాన్ని తెచ్చింది. దాని కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించింది. ఆ ఉత్తర్వు వర్తించే కోర్సుల్లో మిగిలిన 15 శాతమూ పొరుగు రాష్ట్రాలవారికే ఇచ్చేసినా 25కి 3.75 దాటదు. అదే సవరణలోని 371ఇ వల్ల హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం పుట్టింది. దానికి ఆ పరిమితి లేదు. అంటే ఒకే సవరణ ఒక సంస్థకు దేశమంతా తలుపులు తెరిచింది, ఆంధ్రా, ఉస్మానియాలను స్థానికులకు బాధ్యులను చేసింది. ఆ బాధ్యత నెరవేర్చినందుకే వాటికి మార్కులు తగ్గుతాయి. రాయపూర్ ఎన్‌ఐటీ సంగతి వేరు. బీటెక్‌లో సగం సీట్లు ఇతర రాష్ట్రాల కోటావే కనుక, ఆ లెక్కన 12.5 మార్కులు కూర్చున్నచోటికే వస్తాయి. ఇందులో సంస్థ చేసిన కృషి ఏది?

మొత్తం నూటిలో మూడు మార్కులే కదా అంటారు మిత్రులు. జాబితా మధ్యలో సంస్థలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకునే ఉంటాయి. అక్కడ ఒక్క మార్కు ఎన్నో స్థానాలను తారుమారు చేస్తుంది. 2024లో రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు వేరే జాబితా పెట్టారుగా అంటారు. పోటీదారులు మారారు, వైవిధ్యానికి సరిహద్దే గుర్తన్న ఆలోచన మారలేదు. పలు ప్రాంతాలవారు కలిసి చదవడం మంచిదే గదా అంటారు. మంచిదే. గోండీ, హల్బీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడే పిల్లలు ఒకే గదిలో చేరడం కూడా కలయికే. అది లెక్కలోకి రాకపోవడమే నా ఫిర్యాదు.

విమర్శించి ఊరుకోకుండా నేనిప్పుడు ఒక పట్టిక తయారు చేస్తున్నాను. విద్యార్థి ఊరు కళాశాలకు ఎంత దూరం, ఇంటి భాష ఏది, ఆ ఇంట కళాశాల గడప తొక్కిన మొదటి మనిషి అవునా కాదా, చేరినవాళ్లలో పట్టా పుచ్చుకున్నదెందరు. ఈ నాలుగూ కలిపితే, తన చుట్టూ ఉన్న జనానికి సంస్థ ఏం చేసిందో తెలుస్తుంది. నా దృష్టిలో రాష్ట్ర విశ్వవిద్యాలయపు నాణ్యతకు మొదటి పరీక్ష అదే. అది లేని ర్యాంకు న్యాయమైన ర్యాంకు కాదు.

ఈ సభలో అధ్యాపకులు, రిజిస్ట్రారు కార్యాలయాల్లో పనిచేసినవారు చాలామంది ఉన్నారు. మీ కళాశాలల పాత ప్రవేశాల రిజిస్టర్లలో ఊరి పేరు, మాతృభాష గడులు ఉంటే, విద్యార్థుల పేర్లు తీసేసి ఆ వివరాలు నాకు పంపండి.