బస్తీకి తీరిక దొరికే వేళ



ఈసారి సదస్సుకు నగరాన్ని అంశంగా ఎంచుకున్నందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. వలస మీద, నగర భాష మీద, కథల్లో నగర జీవితం మీద వచ్చిన పత్రాల సారాంశాలన్నీ చదివాను. చాలావరకు శ్రమపడి రాసినవి. ఆరోగ్యం మీద మాత్రం ఒక్క పత్రమూ లేదు. ఆ లోటును ఈ ఉపన్యాసంలో కొంతైనా తీర్చడం నా బాధ్యత అనుకుంటున్నాను.

పల్లెల్లో ఆరోగ్యం ఎందుకు బాగాలేదంటే దూరం అని చెప్పడం మనకు అలవాటు. ఆసుపత్రి మండల కేంద్రంలో ఉంది, వాగు దాటాలి, బస్సు రాదు. ఆ మాటలో నిజముంది. హైదరాబాదులో ఆ జవాబు చెల్లదు. చాదర్‌ఘాట్ దగ్గర మూసీ ఒడ్డున ఉన్న బస్తీల నుంచి ఉస్మానియా ఆసుపత్రికి నడిచి పోవచ్చు. విదేశాల నుంచి రోగులు విమానమెక్కి వచ్చే ఊరిది. అయినా ఆ ఒడ్డున బతికేవాళ్లకు జబ్బు ముందే వస్తోంది, వైద్యం ఆలస్యంగా అందుతోంది. దూరం లేకపోయినా ఈ తేడా ఎందుకుందన్నదే నా ప్రశ్న. జబ్బు ముందే రావడానికి ఇల్లు, నీళ్లు, గాలి, తిండి కారణాలు. వైద్యం ఆలస్యం కావడానికి నాకు కనిపించే పెద్ద కారణం వేళలు. నల్లా వచ్చే వేళ, పనికి పోయే వేళ, దవాఖానా తలుపు తెరిచే వేళ ఒకదానితో ఒకటి కలవవు. ఈ పొత్తు కుదరని చోట బస్తీ మనిషి తన నిద్రనో, కూలినో, వైద్యాన్నో వదులుకుంటున్నాడు.

ఇది మన ఒక్కరి సమస్య కాదు. మైకేల్ మార్మట్ అధ్యక్షతన ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘం 2008లో ఇచ్చిన నివేదికలో స్కాట్లండ్‌లోని గ్లాస్గో ప్రస్తావన ఉంది. ఆ నగరంలోని పేద పేట కాల్టన్‌లో మగవాళ్ల సగటు ఆయుర్దాయం 54 ఏళ్లు. కొద్ది మైళ్ల అవతల, కలిగినవాళ్లుండే లెంజీలో 82. ఇరవై ఎనిమిదేళ్ల తేడా. అది 1948 నుంచి వైద్యం ఉచితంగా అందుతున్న దేశం. వేల్స్ బొగ్గుగని పల్లెలో వైద్యం చేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అంతకు చాలా ముందే, 1971లో, మంచి వైద్యం ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే తక్కువ దొరుకుతుందని రాశారు. వైద్యాన్ని బజారుకు ఎంత వదిలేస్తే ఈ తేడా అంత పెరుగుతుందనీ హెచ్చరించారు.

ఇక మన లెక్కలు. 2011 జనగణన ప్రకారం పట్టణ జనాభాలో మురికివాడల వాటా అన్నిటికంటే ఎక్కువ ఉన్న రాష్ట్రం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. అక్కడి పట్టణవాసుల్లో మూడోవంతుకు పైగా మురికివాడల్లోనే ఉన్నారు. పది లక్షలు దాటిన నగరాల్లో విశాఖపట్నం దేశంలోనే ముందుంది, నూటికి 44 కుటుంబాలు. విజయవాడ దానికి మరీ దూరంలో లేదు. కథకుడు రావిశాస్త్రి ఆ విశాఖ పేదల్ని కోర్టు గుమ్మంలో, సారా దుకాణంలో పట్టుకుని మనకు చూపించారు. అదే ఊరి పాతపేటల్లో ఓడరేవు నుంచి వచ్చే బొగ్గుధూళి పీల్చే ఊపిరితిత్తుల మీద ఎంత సాహిత్యం వచ్చింది? విజయవాడ కొండవాలు ఇళ్లలో నెలలు నిండిన మనిషిని మెట్ల మీదుగా మోసుకు దిగే రాత్రుల మీద ఎంత వచ్చింది? వచ్చింది చాలదని నా అభిప్రాయం.

నీళ్లతో మొదలుపెడతాను. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసింది. పలువురు చనిపోయారు, వందలమంది వాంతులు విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. తోళ్ల గోదాములు, తుక్కు వ్యాపారం, ఇరుకు గల్లీలు ఉన్న బస్తీ అది. అలాంటిచోట నీళ్ల గొట్టమూ మోరీ గొట్టమూ పక్కపక్కనే పోతాయి, రెండూ పాతవే. నీళ్లు ఇరవై నాలుగు గంటలూ వస్తుంటే గొట్టంలో ఒత్తిడి నిలిచి ఉంటుంది, చిల్లుపడినా లోపలి నీరు బయటికి కారుతుంది తప్ప బయటి మురుగు లోపలికి రాదు. రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో వదిలి ఆపేస్తే గొట్టం ఖాళీ అవుతుంది. అప్పుడు చుట్టూ ఉన్న మురుగు ఆ చిల్లులోంచి లోపలికి చొరబడుతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదటి బిందెలోకి వచ్చేది అదే. ఎత్తున ట్యాంకు, వడపోత యంత్రం ఉన్న ఇంటికి ఈ బెడద తగలదు. బిందె పట్టుకుని నల్లా దగ్గర నిలబడ్డవాళ్లకే తగులుతుంది.

2021 నుంచి హైదరాబాదులో నెలకు 20 వేల లీటర్ల దాకా నీళ్లు ఉచితం. ఇది మంచి పని, పేదలకు ఖర్చు కొంత తగ్గింది. నీళ్లు వచ్చే వేళ మాత్రం మారలేదు. ఇళ్లల్లో పనిచేసే ఒకావిడ నాకు తెలుసు. ఆమె గల్లీలో నల్లా అర్ధరాత్రి దాటాక వస్తుంది. డ్రమ్ములు నిండేదాకా మేలుకోవాలి, మళ్లీ ఆరింటికల్లా అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఉండాలి. నాలుగిళ్ల అంట్లు, బట్టలు, తుడుపు అయ్యేసరికి సాయంత్రం అవుతుంది. నలభై దాటకుండానే బీపీ వచ్చింది. రాత్రి నిద్ర సరిగా లేని ఒంట్లో బీపీ పెరగడం వైద్యులందరికీ తెలిసిన సంగతే.

బస్తీ దవాఖానా ఆమె ఇంటికి రెండు గల్లీల అవతలే ఉంది. 2018లో మొదలైన ఈ దవాఖానాలను నేను మనసారా మెచ్చుకుంటాను. ఒక డాక్టరు, ఒక నర్సు, ఉచితంగా గోలీలు, ఉచితంగా రక్తపరీక్షలు. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ కోసం పొద్దంతా నిలబడే బాధ తప్పించాయి. కాని అవి నడిచేది పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా. ఆ వేళంతా ఆమె వేరేవాళ్ల వంటింట్లో ఉంటుంది. ఒకపూట మానేస్తే జీతంలో కోత, రెండుసార్లు మానేస్తే ఆ ఇల్లే పోతుంది. అందుకని పొద్దుపోయాక మెడికల్ షాపుకు పోయి, "బీపీది రెండు ఇవ్వు భయ్యా" అని అడిగి తెచ్చుకుంటుంది. రెండంటే రెండే గోలీలు. చేతిలో డబ్బున్నరోజు వేసుకుంటుంది, తల తిరగనిరోజు మానేస్తుంది. ఒళ్లు మరీ బాగాలేకపోతే రాత్రి పది దాకా తెరిచుండే ఆర్‌ఎంపీ దగ్గరికి పోతుంది. ఆయన ఒక సూది వేస్తాడు, కాస్త ఓపిక వస్తుంది. ఆర్‌ఎంపీని తిట్టడం మనకు సులువు. ఆయన చేసే వైద్యంలో ప్రమాదం ఉంది, ఆ మాట దాచను. అయితే బస్తీ ఇంటికి తిరిగొచ్చే వేళకు తెరిచుండే తలుపు ఆయనదొక్కటే.

బస్తీ ఇళ్లల్లో గోడకు మేకు కొట్టి ఒక పాలిథిన్ కవరు వేలాడదీస్తారు. ఆసుపత్రి కాగితాలన్నీ అందులోనే ఉంటాయి. ఎప్పుడైనా అవకాశం వస్తే, ఇంటివాళ్ల అనుమతితో ఆ కవరు విప్పి కాగితాలు తేదీల వరసన పెట్టి చూడండి. మొదటి చీటీలో బీపీ 150/100, అడుగున ఒక గోలీ పేరు. తర్వాతి కాగితం ఏడాది పైనే గడిచాక. దాంట్లో షుగరు కూడా చేరింది. ఆ తర్వాత మళ్లీ ఖాళీ. ఆ పైన కాళ్ల వాపు, క్రియాటినిన్ పరీక్ష. చివర ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్‌కు ఆమోదం. ఆ కాగితానికీ కాగితానికీ మధ్య ఉన్న ఖాళీ నెలల్లోనే మూత్రపిండాలు పోయాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. వారానికి రెండు మూడుసార్లు యంత్రం మీద రక్తం శుద్ధి చేయడానికి ప్రభుత్వం దగ్గర డబ్బుంది. రోజుకో గోలీ రోగి చేతికి అందే వేళకు తలుపు తెరిచి ఉంచే ఏర్పాటు లేదు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. మొదటి చీటీ రాసిన రోజున జరగవలసింది జరిగితే ఆ కవరులో చివరి కాగితం ఉండేదే కాదు.

క్షయ సంగతీ ఇంతే. గాలాడని ఒక్క గదిలో ఆరుగురు పడుకుంటే ఒకరి దగ్గు అందరికీ అంటుతుంది. ఆరు నెలల మందు రెండో నెలలో ఒళ్లు తేలికపడగానే ఆగిపోతుంది, ఎందుకంటే అడ్డా మీద కూలీ పొద్దున్నే నిలబడాలి. రోగి తిండికి కేంద్రం ఇచ్చే నెలకు 500 రూపాయలను 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. అది అవసరమైన సాయం. రేకుల కింద, కిటికీ లేని ఆ గది మాత్రం అలాగే ఉంది.

జబ్బు ఇంటి నుంచీ నీటి నుంచీ వస్తుందన్నది హైదరాబాదుకు తెలియని పాఠం కాదు. 1908 సెప్టెంబరు మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. మూడేళ్లకు ప్లేగు వచ్చింది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది, ఇరుకు పేటలు విప్పింది, రోడ్లు వేసింది. 1920లలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లు గొట్టాల్లో వచ్చాయి. ఆసుపత్రి కట్టడంతో పాటు నీరు, ఇల్లు, మోరీ కూడా ఆరోగ్యమేనని ఆనాటి పాలకులు గ్రహించారు. ఆ పనుల్లో ఇల్లు పోయినవాళ్లు ఎటు పోయారో, ఎలా బతికారో చరిత్ర పుస్తకాలు పెద్దగా చెప్పవు. 2024లో మళ్లీ మూసీ ఒడ్డు ఇళ్ల మీద గుర్తులు వేసి, కొన్ని కుటుంబాలను డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు పంపారు. కొత్త ఇంటికి కిటికీ ఉంది, మరుగుదొడ్డి ఉంది. పని దొరికే చోటు దూరమైతే మాత్రం పొద్దున ఇంకో గంట, రాత్రి ఇంకో గంట బస్సుకు పోతాయి. ఈసారైనా ఆ కుటుంబాల ఆరోగ్యాన్ని వెళ్లకముందు, వెళ్లిన తర్వాత రాసిపెట్టే పని విశ్వవిద్యాలయాలు చేపట్టాలి. ఆలస్యం చేస్తే ఆ సమాచారం మళ్లీ దొరకదు.

మళ్లీ వేళల దగ్గరికి వద్దాం. గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005లో వస్తే పట్టణాలకు అలాంటిది 2013 దాకా రాలేదు. వచ్చాక, పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 దాకా నడిస్తే మేలని ఆ మిషన్ మార్గదర్శకాల్లోనే రాశారు. కూలి చేసుకునేవాళ్ల బతుకు తెలిసిన ఎవరో ఆ వాక్యం రాసి ఉంటారు. అది కాగితం మీద నుంచి గల్లీలోకి రావాలి. బస్తీ దవాఖానా రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉండాలని, బీపీ, షుగరు మందులు ఒకేసారి నెలకు సరిపడా ఇవ్వాలని, నల్లా వేళ తెల్లవారుజాముకో సాయంత్రానికో మార్చి దాన్ని ముందే చెప్పాలని, జననమరణాల లెక్కలు నగరం మొత్తానికి సగటుగా కాకుండా బస్తీల వారీగా ప్రకటించాలని ఒక ముసాయిదా తీర్మానం సిద్ధం చేశాను. ప్రతులు మీ సంచుల్లో ఉన్నాయి. వీటిలో మందుల సంగతి అన్నిటికంటే తేలిక, ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని. నల్లా వేళ మార్చడానికి జలమండలి ఇంజనీర్లతో కూర్చోవాలి, వాళ్ల ఇబ్బందులూ వినాలి.

తీర్మానం మీద చర్చ రేపు ముగింపు సమావేశంలో పెట్టుకుందాం. బస్తీల్లో పనిచేసే ఆశా కార్యకర్తలు కొందరు ఆ చర్చకు రావడానికి ఒప్పుకున్నారు. పని ముగించుకుని రావాలి కనుక సమావేశాన్ని మూడింటికి బదులు సాయంత్రం ఆరింటికి మార్చమని నిర్వాహకులను కోరాను, వారు అంగీకరించారు. దూరప్రాంతాల నుంచి వచ్చినవారు దయచేసి తిరుగు ప్రయాణం దాన్నిబట్టి చూసుకోండి.