నష్టం ఎవరిది? పరిహారం ఎవరికి?

(విశాఖలో కూలీల సభలో చదివిన ప్రసంగ పాఠం)



సముద్రం అవతల ఒక దొర ఇంటి లెక్క మీ ముందు పెడుతున్నాం. ఆ లెక్క మన పేటల దాకా వచ్చింది గనుక పెడుతున్నాం.

జాన్ గ్లాడ్‌స్టన్ స్కాట్లాండ్‌లో పుట్టిన వర్తకుడు. నేటి గయానాలోని డెమెరారాలో చెరకు తోటలు కొన్నాడు. ఆ మట్టి మీద ఎన్నడూ కాలు పెట్టలేదు. చాకిరీ అంతా ఆఫ్రికా బానిసలదే. 1823లో తిరుగుబాటు ఈ దొరగారి ‘సక్సెస్’ తోటలోనే రాజుకుంది. ముందు నిలిచినవాడి పేరు జాక్ గ్లాడ్‌స్టన్. చూశారా, బానిసకు ఇంటిపేరు కూడా దొరదే! జాక్ తండ్రి క్వామినాను చంపి, శవాన్ని ఆ తోట ముందే గొలుసులతో వేలాడదీశారు.

1833లో బానిసత్వం రద్దు చేస్తూ ఇంగ్లండు చట్టం చేసింది. 2 కోట్ల పౌన్లు పరిహారమంది. ఎవరికి? వెన్ను విరిగినోళ్లకా? కాదు, యజమానులకు! 2,508 మంది బానిసలకు గాను గ్లాడ్‌స్టన్‌కు లక్షా 6 వేల పౌన్లకు పైగా ముట్టాయి. బానిసకు పైసా లేదు. పైగా 1838 దాకా జీతం లేని చాకిరీ. ఈ దొర కొడుకే తర్వాత 4 సార్లు ఇంగ్లండు ప్రధానమంత్రి అయ్యాడు.

బానిసలు చేజారిపోతారని దొర 1836లోనే కలకత్తా కంపెనీకి కూలీల కోసం ఉత్తరం రాశాడు. 1838లో విట్‌బీ, హెస్పరస్ అనే ఓడల్లో మన దేశపు కూలీలు అక్కడ దిగారు. తర్వాత మనోళ్లూ అదే దారి పట్టారు. మద్రాసు రేవు నుంచి గయానాకు, నేటాల్‌కు. కోరంగి నుంచి మారిషస్‌కు పోయారు. నేటాల్ ఓడల జాబితాల్లో విశాఖపట్నం జిల్లా ఊళ్లున్నాయి, మనుషుల కులాలూ ఉన్నాయి. బానిస పోయాడు, కూలీ వచ్చాడు. తోట మాత్రం దొరదే.

2023 ఆగస్టులో ఆ దొర వారసులు గయానా వెళ్లి క్షమాపణ చెప్పారు. మంచిదే. కానీ నష్టపోయినోడిని లెక్కలోనే రాయని పద్ధతి ఒక్క డెమెరారాదేనా? మన ఉక్కు ఫ్యాక్టరీకి భూములు తీసుకున్న 1894 చట్టం భూమి మీద హక్కున్నవాడికే పరిహారమంది. ఆ భూమిలో ఊడ్చి, కోసి బతికిన కూలీ దానికి కనబడలేదు. 2013 చట్టం భూమిలేని కూలీ కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబమని ఒప్పుకుంది.

చట్టంలో ఉంటే చాలదు, కాగితం మీద మన పేరుండాలి. అందుకే చెబుతున్నాం: మీ ఊళ్లో భూసేకరణ సర్వే మొదలైన రోజునే పట్టాదారుల జాబితా పక్కన కూలీల జాబితా రాయించండి. ఆడకూలీల పేర్లు విడిగా రాయించండి. గ్రామసభలో గట్టిగా చదివించండి. పేరు లేని చోట సంతకం పెట్టకండి.

జై భీమ్!