మూడు పోగుల తాడు

(మన సంఘం జంషెడ్‌పూర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనది ఉక్కు ఊరు. 1912 నుంచి ఇక్కడ ఉక్కు తయారవుతోంది. క్రేన్‌కి కట్టే ఉక్కు తాడు అందరూ చూసే ఉంటారు. సన్నని తీగలను పేని, ఆ పేటలను మళ్లీ పేని చేస్తారు. అలాంటి తాడే మన ఒంట్లోనూ ఉంది. దాని పేరు కొల్లాజెన్. చర్మం, ఎముకలు, కీళ్ల కట్లు అన్నిటికీ బలం దానిదే.

అమైనో ఆమ్లాలు గొలుసుగా చేరితే ప్రోటీన్ అవుతుంది. కొల్లాజెన్ గొలుసులో ఇవి సుమారు వెయ్యి ఉంటాయి. వాటి వరస మన డ్రిల్ లాగానే ఒకటి-రెండు-మూడు, ఒకటి-రెండు-మూడు. ప్రతి మూడో స్థానం గ్లైసిన్‌ది. ఎందుకంటే మూడు గొలుసులు పేనుకున్నప్పుడు నడుమ చోటు బహు ఇరుకు. అక్కడ పట్టేది అన్నిటికన్నా చిన్నదైన గ్లైసిన్ ఒక్కటే. దాని బదులు పెద్దది వచ్చి నిలబడితే పేట సరిగా పడదు. చిన్న దెబ్బకే ఎముకలు విరిగే పుట్టుజబ్బు చాలామందికి ఇలాగే వస్తుంది. కవాతులో ఒక్కడు అడుగు తప్పితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఈ మూడు పోగుల నిర్మాణాన్ని 1954-55లో ప్రపంచానికి చెప్పినవారు మద్రాసు యూనివర్సిటీకి చెందిన జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా గార్లు. తోలంటే కూడా కొల్లాజెనే. దాన్ని కుళ్లకుండా బిగించడమే తోలు పదును చేయడం. 1958లో మద్రాసులోని కేంద్రీయ తోలు పరిశోధనా సంస్థకు డైరెక్టరైన యలవర్తి నాయుడమ్మ గారు మన గుంటూరు జిల్లావారు. మన బూట్ల వెనక ఇంత శాస్త్రం ఉందండీ.

ఇక అసలు సంగతి. విటమిన్ సి లేకపోతే ఒంట్లో కొత్తగా తయారయ్యే తాడుకి పేట నిలవదు. 1740-44లో ఆన్సన్ నౌకాయాత్రలో స్కర్వీ వచ్చినవారిలో ఒకతనికి యాభై ఏళ్ల కిందట యుద్ధంలో తగిలి మానిపోయిన గాయం మళ్లీ తెరుచుకుంది. అంటే మానిన గాయాన్ని కూడా శరీరం రోజూ కాపలా కాస్తూనే ఉండాలన్నమాట. 1747లో జేమ్స్ లిండ్ నారింజ, నిమ్మ పళ్లతో నావికులకు నయం చేసి చూపించినా, బ్రిటిష్ నేవీ నిమ్మరసం రేషన్‌గా ఇచ్చింది 1795లోనే.

మనలో గాయాల మచ్చలు లేనివారు తక్కువ. కొల్లాజెన్ పొడి తింటే నేరుగా మోకాలికి చేరిపోదు, కడుపులో అరిగి ముక్కలవుతుంది. దానికి వేలు పోసే ముందు పప్పు, గుడ్డు, జామకాయ, ఉసిరి, నిమ్మ రోజూ తినండి. కీళ్ల నొప్పి తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. డ్యూటీలో ఉన్న తమ్ముళ్లు డబ్బా తిండితో నెలలు గడిపేటప్పుడు నిమ్మరసాన్ని చిన్నచూపు చూడొద్దు.

సెలవు. జై హింద్.