మన గదికి గాలి ఎటునుంచి?



ఉగాది పూట ఇళ్ల ప్రసంగమేమిటని అనుకోవద్దు. గ్రాంట్ రోడ్, కామాఠీపురా చాళ్లలో ఉండే మనకు అంతకంటె ముఖ్యమైన మాట లేదు. ఈ మహానగరానికి రాళ్లు మోసిన కామాఠీల పేరే మన పేటకు నిలిచింది. మనకు దక్కినది మాత్రం ఒక గది. పొయ్యి, మోరీ, దేవుడు, పిల్లల చదువు అన్నీ అందులోనే. రైల్వేలో రాత్రి డ్యూటీ చేసి మేము పగలు పడుకొంటే, ఇంటిల్లిపాదీ గ్యాలరీలోకి పోవలసినదే.

ఇటువంటి ఇరుకుకు ఉపాయం వెదికిన పోటీ ఒకటి జరిగింది. 1961లో గుజరాత్ హౌసింగ్ బోర్డువారు తక్కువ రాబడి కుటుంబాల ఇళ్లకు అఖిల భారత స్థాయిలో నమూనాలు అడిగారు. మొదటి బహుమతి చార్లెస్ కొరియాకు వచ్చింది. సికిందరాబాదులో పుట్టి, బొంబాయిలో వృత్తి పెట్టుకొన్న ఆయనకు అప్పుడు ఇంచుమించు ముప్పది ఏళ్లు. అడిగినవి అంతస్తుల ఫ్లాట్లు. ఆయన అంత జాగాలో అన్ని కుటుంబాలూ పట్టేటట్లు వరుస ఇళ్లు గీసి ఇచ్చారు! గొట్టమువలె సన్నగా, పొడుగుగా ఉండే ఇల్లు. వేడిగాలి ఏటవాలు కప్పు వెంట పైకి పోయి కొనమీది సందులోనుంచి బయటపడుతుంది; తలుపు పక్కనున్న రెక్కలగుండా కొత్తగాలి వస్తుంది. అహమ్మదాబాదులో కట్టిన ఆ నమూనా ఇంటిని 1995లో పడగొట్టారు. బహుమతి ఇంటిని కాపాడలేదు.

మన చాళ్లను తిరిగి కట్టే మాట నడుస్తున్నది. ఎన్ని చదరపుటడుగులని అందరమూ అడుగుతున్నాము. గాలి ఎటునుంచి అని ఎవరమూ అడుగుట లేదు. యువ ఆర్కిటెక్టులకు పోటీ పెట్టమని అర్జీ వ్రాశాము. గీత గీయకముందు వారు మన గదిలో ఒక పగలు నిద్రపోయి చూడవలెను, మన ఆడవారి మాట వినవలెను అని అందులో చేర్చాము. మోరీ ఎక్కడ ఉండవలెనో మగవారికేమి తెలుసు?

అర్జీ వేదిక పక్క బల్లమీద ఉన్నది. పచ్చడి పుచ్చుకొనేముందు సంతకాలు చేయండి.