ఉప్పే కానీ నీళ్లలో కలవదు! ఎందుకు?

ఉప్పు నీళ్లలో వేస్తే కరిగిపోతుంది, ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు. మరి నీళ్లలో పోస్తే కలవకుండా, అడుగుకి వెళ్లి వేరే పొరలా కూర్చునే ఉప్పు ఉందంటే నమ్ముతారా? అది కూడా ద్రవంగా ఉండే ఉప్పు! ఇవాళ దాని సంగతే చూద్దాం.

ముందు ఒక మాట. మనం మంచు కరిగినా, పంచదార కరిగినా ‘కరిగింది’ అనే అంటాం. కానీ ఇవి రెండు వేర్వేరు విషయాలు. మంచు వేడికి కరిగింది, పంచదార నీళ్లలో కరిగింది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

వంటింటి ఉప్పు వేడికి కరిగి ద్రవం కావాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. దాని అయాన్లు చిన్నవి. దగ్గరదగ్గరగా పేర్చుకుని ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. వాటి బదులు పెద్దగా, వంకరటింకరగా ఉన్న అయాన్లు పెడితే ఆ పేర్పు కుదరదు, పట్టు సడలుతుంది. అలా 100 డిగ్రీల లోపే ద్రవమయ్యే ఉప్పుల్ని అయానిక్ లిక్విడ్స్ అంటారు.

ఇప్పుడు అసలు విషయం. బ్యూటైల్ మిథైల్ ఇమిడజోలియం అని ఒక ప్లస్ అయాన్ ఉంది. పేరు పెద్దది కదా, షార్ట్‌గా ‘బీమిమ్’ అందాం. బీమిమ్ క్లోరైడ్‌ని నీళ్లలో వేయండి, హాయిగా కరిగిపోతుంది. వేరే బీకరులో లిథియం బిస్‌ట్రిఫ్లిమైడ్ వేయండి, అదీ కరిగిపోతుంది. ఇప్పుడు రెండూ కలపండి. ఒక్కసారిగా తెల్లగా మసకబారి, కాసేపటికి అడుగున నూనెలాంటి పొర చేరుతుంది! అదే బీమిమ్ బిస్‌ట్రిఫ్లిమైడ్. నూనె పైన తేలుతుంది, ఇది మాత్రం నీటికంటే బరువు కాబట్టి మునుగుతుంది.

చూశారా? బీమిమ్ మారలేదు, జతగా ఉన్న మైనస్ అయాన్ మారింది, అంతే.

ఎందుకలా? నీటి అణువులు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని ఉంటాయి. వాటినే హైడ్రోజన్ బంధాలు అంటాం. మధ్యలోకి ఎవరైనా రావాలంటే ఆ చేతులు వదలాలి. ఊరికే వదులుతాయా? వచ్చేవాళ్లు అంతకు తగ్గ పట్టు ఇవ్వాలి. క్లోరైడ్ చిన్నది, చార్జ్ అంతా ఒకేచోట ఉంటుంది. నీరు దాన్ని గట్టిగా పట్టుకోగలదు. బిస్‌ట్రిఫ్లిమైడ్ పెద్దది, ఆ ఒక్క చార్జే చాలా పరమాణువుల మీద పలచగా పరుచుకుని ఉంటుంది. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్‌ కూడా అంతే. పట్టు దొరకదు కాబట్టి నీరు తన జట్టులోనే ఉండిపోతుంది.

ప్లస్ అయాన్‌కీ పాత్ర ఉంది. బీమిమ్ టెట్రాఫ్లోరోబోరేట్ గది ఉష్ణోగ్రతలో నీటితో పూర్తిగా కలుస్తుంది. కానీ బీమిమ్‌లో ఉన్న నాలుగు కార్బన్ల తోకని ఆరు కార్బన్లకి పెంచితే, రెండు పొరలుగా విడిపోతుంది. తోక పొడుగయ్యే కొద్దీ నూనె గుణం పెరుగుతుందన్నమాట.

ఇక జాగ్రత్తగా వినండి. ‘నీళ్లలో కలవదు’ అంటే అస్సలు కలవదని కాదు. బీమిమ్ బిస్‌ట్రిఫ్లిమైడ్‌ని నీటి పక్కన ఉంచితే, బరువులో ఒక శాతానికి పైగా నీటిని పీల్చుకుంటుంది. తక్కువే కదా అనుకోకండి. నీటి అణువు చాలా తేలిక, కాబట్టి లెక్కపెడితే దాదాపు ప్రతి మూడు బీమిమ్ జతలకి ఒక నీటి అణువు ఉన్నట్టు! బ్యాటరీ లాంటి పనులకి ఆ కాస్త నీరు చాలు, అంతా చెడగొట్టడానికి.

రెండో వైపు కూడా చూడాలి. బీమిమ్ హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ లీటరు నీటిలో పది గ్రాములకు పైనే కరుగుతుంది. పైగా నీరు, వేడి తగిలితే అది విడిపోయి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఇవ్వగలదు. గాజునే తినేసే ఆమ్లం అది! తోక పొడుగున్నవి నీటిలోని జీవులకి మరింత విషం. ఇవి గాలిలోకి ఆవిరి కావు కాబట్టి ‘గ్రీన్’ అని పేరొచ్చింది, నిజమే. కానీ నీళ్లలో కలవదులే అని సింకులో పోస్తే మాత్రం తప్పే.

కాబట్టి ఏదైనా అయానిక్ లిక్విడ్ పేరు కనిపిస్తే రెండు ప్రశ్నలు వేయండి. మైనస్ అయాన్‌ని నీరు పట్టుకోగలదా? ప్లస్ అయాన్ తోక ఎంత పొడుగు? సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మరి బీమిమ్ బ్రోమైడ్ నీటిలో కలుస్తుందా, కలవదా? ఆలోచించి కామెంట్‌లో చెప్పండి.