సొంత ఊరు ఇంకా దేశంలో కలవకముందు



1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం హార్బరు మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ ఏడాదే హైదరాబాదు కుర్రాడొకడు వాయుసేనలో పైలట్ అయ్యాడు. పేరు ఇద్రీస్ హసన్ లతీఫ్. చదివింది నిజాం కాలేజీలో.

తొలి పోస్టింగు కరాచీలో. చేతికిచ్చినవి వాపిటీ, హార్ట్, ఆడాక్స్ అనే పాత విమానాలు. రెక్కల మీద రెక్కలు, పైలట్ తల మీద కప్పు కూడా ఉండదు. ఉప్పుగాలి మొహాన కొడుతుంటే అరేబియా సముద్రం మీద శత్రు సబ్‌మెరైన్ల కోసం వెతకాలి. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్లి చూసినవాళ్లు, ఇవాళ పట్టా పుచ్చుకుంటున్న మీలో చాలామందే ఉంటారు. అంతటిది నీళ్లకింద నక్కితే పైనుంచి కంటితో పట్టుకోవడం ఎంత కష్టమో ఊహించండి. తర్వాత ఇంగ్లండులో హరికేన్, స్పిట్‌ఫైర్ నడపడం నేర్చుకుని, 1944లో తిరిగొచ్చి బర్మా యుద్ధంలో పాల్గొన్నారు.

ఆయన జీవితంలో నేను పదే పదే తలుచుకునే ఏడాది మాత్రం 1947. దేశంతోపాటు వాయుసేనా రెండైంది. వాయుసేనలో సహచరులైన అస్ఘర్ ఖాన్, నూర్ ఖాన్ పాకిస్తాన్‌కు వచ్చేయమని పిలిచారు. ఆ ఇద్దరూ తర్వాత అక్కడి వాయుసేనకు అధిపతులయ్యారు. లతీఫ్ వెళ్లలేదు. మతం వేరు, దేశం వేరు అని తేల్చి చెప్పారు. ఇంకో సంగతి చూడండి. ఆ ఆగస్టు 15 నాటికి ఆయన పుట్టిన హైదరాబాదే భారతదేశంలో లేదు! నిజాం సంస్థానం కలిసింది 1948 సెప్టెంబరులో. సొంత ఊరు ఎటు పోతుందో తెలియని రోజుల్లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, తాను ఎటు ఉండాలో నిర్ణయించుకున్నారు. దాదాపు మీ ఈడే. బర్మా ఆకాశంలో చూపిన ధైర్యం కంటే ఇదే పెద్దదని నా నమ్మకం.

1950లో తొలి గణతంత్ర వేడుకల్లో ఢిల్లీ మీదుగా ఎగిరిన విమానాలకు ముందు నడిచింది ఆయనే. 1978లో వాయుసేనాధిపతి అయ్యారు. జాగ్వార్ విమానాలు సేనలోకి వచ్చింది ఆయన హయాంలోనే. తర్వాత మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్సులో రాయబారిగా పనిచేసి, 2018లో హైదరాబాదులోనే కన్నుమూశారు.

రేపట్నుంచి మీలో కొందరు స్టీల్‌ప్లాంటుకు, పోర్టుకు, నేవీకి వెళతారు, కొందరు సముద్రాలు దాటతారు. ఉద్యోగాల వేటలో కాస్త తీరిక దొరికితే లతీఫ్ గురించి చదవండి.