పడవ పందెములు – మన బాలికలు
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)



మొన్న ఏడవ తరగతిలో పాఠము చెప్పుచు, “చుక్కాని యనగా నేమి?” అని యడిగితిని. ఒక బాలుడు లేచి “నక్షత్రము, సార్” అనెను. చుక్క యున్నది గదా! తరగతిలో నెవ్వరును నవ్వలేదు. ఏలయన తక్కినవారికి ఆపాటి ఊహయు లేదు. తెడ్డు, తెరచాప, లంగరు, లంక – ఈ మాటలన్నియు మన పిల్లలకు కంఠస్థములే. కాని కాటన్‌పేటలో నీరు కుళాయిలో వచ్చును, కానిచో ట్యాంకరులో వచ్చును. (ఈ పేరు ధవళేశ్వరపు ఆనకట్ట కట్టించిన కాటను దొరవలన వచ్చినదని పిల్లలు కొందరు తలచుచున్నారు. కాదు, ప్రత్తివలన వచ్చినది. కన్నడమున దీనిని అరళెపేటె యందురు.)

అందుచేత రాబోవు సంక్రాంతికి ఎనిమిది, తొమ్మిది తరగతుల వారిని కోనసీమకు, ఆత్రేయపురమునకు తీసికొనిపోవ నిశ్చయించితిమి. అచట 2025 జనవరిలో, సర్ ఆర్థర్ కాటన్ గోదావరి ట్రోఫీ యను పేర, కాలువలో పడవ పందెములు జరిగినవి. ఈసారి పందెములు జరిగిన చూతుము. జరుగకున్నను లంకలును, రేవులును, లాకులును ఎచటికి పోవును?

సమ్మతి పత్రములు పంపితిమి. బాలురవి దాదాపు అన్నియు తిరిగి వచ్చినవి. బాలికలవి సగమునకు పైగా రాలేదు. ఒక తల్లి నాతో, “మాష్టరుగారూ, మగపిల్లవాడైతే ఎట్లో ఈదుకొని వస్తాడు” అనెను. అమ్మా, నేను విచారించితిని: మన బాలురలో ఈత వచ్చినవారు ముగ్గురే!

మీ భయము నిరాధారమని నేను అనను. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద, వరద గోదావరిలో, యాత్రికుల పడవ మునిగి పలువురు మరణించిరి. నీటియెడ భయముండవలసినదే. కాని ఆ భయము ఆడపిల్లకు వేరు, మగపిల్లవానికి వేరు ఎట్లగును?

అమెరికాలో 2015లో ఆరంభమైన పందెమొకటి కలదు. పోర్ట్ టౌన్‌సెండ్ అను రేవునుండి అలాస్కాలోని కెచికాన్ వరకు, పసిఫిక్ తీరమున దీవుల నడుమ 750 మైళ్ళు. ఇంజను కూడదు. గాలి యున్న తెరచాప, లేనిచో తెడ్లు. కొందరు సైకిలు త్రొక్కినట్లు త్రొక్కి పడవ నడుపుదురు. దారిలో సహాయము చేయుటకు వెంట నెవ్వరును రారు. మొదట విక్టోరియా వరకు నలుబది మైళ్ళు దాటి సామర్థ్యము చూపినవారినే ముందుకు పోనిత్తురు. సీమూర్ ఇరుకు అనుచోట ఆటుపోటుల వడి పదునైదు నాట్ల వరకు ఉండును. దానికెదురు తెడ్డువేసిన వానిని నీరే వెనుకకు త్రోయును. నీరు నిలకడకు వచ్చు గడియ నెరిగి, అంతవరకు పడవ నాపుకొని కూర్చుండవలెను. బలముకంటె ఆ గడియ నెరుగుటయే పనితనము. మొదటి బహుమతి పదివేల డాలర్లు. రెండవది మాంసము కోసుకొను కత్తులు. మన శాకాహారులు మొదటిదానికే ప్రయత్నింపవలెను!

2018లో ఆ మొదటి బహుమతి గెలిచినది అందరును స్త్రీలేయైన జట్టు. దాని పేరు ‘సెయిల్ లైక్ ఎ గర్ల్’ – ఆడపిల్లవలె నావ నడుపుమని అర్థము. ఏడు దినములు నిండకముందే వారు గమ్యము చేరిరి.

అది పరదేశపు మాట యందురా? మన నౌకాదళమునకు చెందిన ‘తారిణి’ యను తెరచాపల నావలో ఆరుగురు స్త్రీలు 2017 సెప్టెంబరు 10న గోవా విడిచి, భూగోళము చుట్టి, 2018 మే 21న మరల గోవా చేరిరి. వారిలో ఇద్దరు తెలుగువారు: విశాఖపట్టణపు పి. స్వాతి, హైదరాబాదు బి. ఐశ్వర్య. చుక్కాని యన నేమో వారి నడుగవలెను.

ఇక మన ఏర్పాటులు. శేషాద్రి ఎక్స్‌ప్రెస్సులో రాజమహేంద్రవరము వరకు పోవుదుము. ఇద్దరు ఉపాధ్యాయినులు వెంట వత్తురు. సంక్రాంతి నాటికి వరద యుండదు. లైఫ్ జాకెట్టు తొడుగనిదే ఏ బిడ్డనును, ఏ ఉపాధ్యాయునినిగూడ పడవపై కాలు పెట్టనీయము. నాకును ఈత రాదు. పత్రములు వచ్చు శనివారము సాయంకాలము నాలుగు గంటలలోపల కార్యాలయమున నీయవలెను. పోగొట్టుకొన్నవారికి వేరు పత్రములు అచటనే యుంచితిమి.